పుట్టగొడుగుల మత్తులో తట్టిన సైట్ హంతకులకు అరుగు ఎలా అయింది? హిప్పీల నుంచి ఫార్ రైట్ దాకా

కృష్ణలంక_కుర్రాడు
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. వారం రోజులుగా ఒక విషయం బుర్రలోంచి పోవడం లేదు. ఇక్కడ తెలిసినవాళ్లు ఉన్నారు కదా అని అడుగుతున్నా.

2013లో ఫ్రెడ్రిక్ బ్రెన్నన్ అనే 19 ఏళ్ల అమెరికన్ కుర్రాడు ఎయిట్‌చాన్ అనే సైట్ పెట్టాడు. ఎవరి చర్చా బోర్డు వాళ్లు పెట్టుకోవచ్చు, పేరు చెప్పక్కర్లేదు, అడ్డుకునేవాళ్లు దాదాపు ఉండరు. ఆ ఆలోచన తనకు మ్యాజిక్ మష్రూమ్స్ మత్తులో ఉన్నప్పుడు తట్టిందని అతనే చెప్పాడు. ఆరేళ్లు తిరక్కుండానే, 2019 మార్చి 15న, న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో 51 మందిని పొట్టన పెట్టుకున్నవాడు బయల్దేరేముందు తన ప్రకటన అక్కడే పెట్టాడు. ఏప్రిల్‌లో కాలిఫోర్నియా పోవేలో యూదుల ప్రార్థనా మందిరం మీద కాల్పులు. ఆగస్టులో టెక్సస్ ఎల్ పాసోలో 23 మంది. మూడుసార్లూ అదే సైట్. ఎల్ పాసో తర్వాత బ్రెన్నన్ తనే "దాన్ని మూసెయ్యండి" అని మొత్తుకున్నాడు. అప్పటికే సైట్ వేరేవాళ్ల చేతిలో ఉంది.

నా ప్రశ్న ఇది. హిప్పీ అంటే మా నాన్న తరానికి పొడుగు జుట్టు, బెల్ బాటమ్, శాంతి, ప్రేమ. ఆ మందు వేసుకుంటే మనసు విశాలమవుతుందని, నేను వేరు నువ్వు వేరు అనే తేడా పోతుందని కదా వాళ్లు చెప్పింది! ఆ దారిలో వచ్చిన ఆలోచన ఫార్ రైట్ అనే ఈ తీవ్ర జాతివాదుల ద్వేషం దగ్గరికి ఎలా చేరింది? ఇది కాకతాళీయమా, లేక నిజంగా ఒక దారి ఉందా?

పాలపిట్ట
శనివారం, రాత్రి 9:47

తమ్ముడూ, ప్రశ్న మంచిదే. కానీ మొదటి అడుగే తప్పు పడుతోందేమోనని నా భయం. ఒకడికి ఐడియా ఎప్పుడు తట్టిందన్నది వాడి సొంత కథ. స్నానం చేస్తుండగా తట్టినా అదే సైట్ వచ్చేది.

ఎయిట్‌చాన్‌కి దారి చూపింది ఫోర్‌చాన్. దాన్ని 2003లో క్రిస్టఫర్ పూల్ అనే 15 ఏళ్ల పిల్లాడు, జపాన్‌లోని ఫుతబా చానల్ అనే వెబ్‌సైట్ చూసి, జపనీస్ కార్టూన్ల గురించి మాట్లాడుకోవడానికి పెట్టాడు. పేరు లేకుండా రాసే పద్ధతి అక్కడినుంచి వచ్చింది, హిప్పీల నుంచి కాదు. ఇక జాతి ద్వేషమంటారా, కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి ముఠా పుట్టింది అమెరికా అంతర్యుద్ధం అయిన వెంటనే, 1860లలో. అప్పటికి హిప్పీలు వాడిన ఎల్ఎస్‌డీ అనే మత్తు పదార్థమే లేదు. నేరాన్ని మత్తు మీదికి నెట్టేస్తే అసలు దోషులు తప్పించుకుంటారు. ఈ విషయంలో నాకు కోపం ఉంది, దాచుకోను.

బే_ఏరియా_బాబాయ్
ఆదివారం, ఉదయం 8:05

పాలపిట్ట గారు చెప్పిన జపాన్ సంగతి నిజం. అయితే ఆ విత్తనం పడిన నేల గురించి కూడా మాట్లాడుకోవాలి. ఆ నేల కాలిఫోర్నియా బే ఏరియా, అక్కడ నేను 1988 నుంచి ఉంటున్నాను.

సన్నీవేల్‌లో నా మొదటి మేనేజర్ వెనక పిలక కట్టుకునేవాడు. క్యూబికల్ గోడ నిండా గ్రేట్‌ఫుల్ డెడ్ అనే హిప్పీల రాక్ బ్యాండ్ కచేరీ టికెట్లు. 1990 వేసవిలో నన్నూ షోర్‌లైన్ ఆంఫీథియేటర్‌కి తీసుకెళ్లాడు. పార్కింగ్‌లోనే సగం తిరునాళ్ల. ముడి కట్టి అద్దకం వేసిన రంగురంగుల చొక్కాలు, డప్పులు, పిల్లల్ని భుజాన ఎక్కించుకున్న తండ్రులు. ఒకావిడ వ్యాన్ వెనక తలుపు తెరిచి బీన్స్ బరీటోలు అమ్ముతోంది. నా దగ్గర చిల్లర లేదంటే, "ఫర్లేదు, ఎప్పుడైనా ఎవరికైనా నువ్వు పెట్టు" అని చేతిలో పెట్టింది. మా ఊళ్లో రామాలయం సంతర్పణ గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఆ మనుషులంటే నాకు ఇప్పటికీ గౌరవం. అందుకే ఈ కథ చెప్పడం కష్టంగా ఉంటుంది.

ఆ బ్యాండ్‌కి పాటలు రాసినవాళ్లలో జాన్ పెరీ బార్లో ఒకడు. వయోమింగ్‌లో పశువుల దొడ్డి (రాంచ్) నడిపిన కుటుంబం, రిపబ్లికన్ పార్టీ మనిషి. 1978లో, తర్వాత అమెరికా ఉపాధ్యక్షుడైన డిక్ చెనీ మొదటిసారి కాంగ్రెస్‌కి పోటీ చేసినప్పుడు అతని ప్రచారంలో పనిచేశాడు. ఎల్ఎస్‌డీ, పశువుల దొడ్డి, చెనీ, మూడూ ఒకే మనిషిలో ఇమిడిపోయాయి! 1990లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే ఇంటర్నెట్ హక్కుల సంస్థ పెట్టినవాళ్లలో ఇతనొకడు. 1996 ఫిబ్రవరి 8న దావోస్ నుంచి సైబర్ ప్రపంచ స్వాతంత్ర్య ప్రకటన రాశాడు. ప్రభుత్వాల్లారా, మా చోటు మీద మీకు అధికారం లేదు, ఇక్కడ ఎవరైనా ఏ నమ్మకమైనా భయం లేకుండా చెప్పుకోవచ్చు అన్నది దాని సారం. అది చదివి మా ఆఫీసులో సగం మంది ప్రింట్ తీసి గోడకి అంటించారు. నేనూ అంటించాను.

అంతకుముందే, 1968లో, స్టీవర్ట్ బ్రాండ్ అనే ఆయన హిప్పీలకు పనిముట్లు, పుస్తకాలు పరిచయం చేసే హోల్ ఎర్త్ క్యాటలాగ్ తెచ్చాడు. 1966 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎల్ఎస్‌డీ, సంగీతం కలిపి జరిగిన ట్రిప్స్ ఫెస్టివల్ నడిపినవాళ్లలోనూ ఉన్నాడు. 1985లో లారీ బ్రిలియంట్‌తో కలిసి వెల్ అనే కంప్యూటర్ చర్చా వేదిక పెట్టాడు. ఈ బ్రిలియంట్ మన దేశానికి తెలిసిన డాక్టరే. నీమ్ కరోలీ బాబా ఆశ్రమంలో ఉండి, 1970లలో డబ్ల్యూహెచ్‌వో తరఫున ఇండియాలో మశూచి నిర్మూలనకి పనిచేసినవాడు. ఇంటర్నెట్‌లో మనుషులు ఎలా కలవాలి అన్న కల కన్నది ఈ బృందమే. పుట్టగొడుగుకి, సైట్‌కి మధ్య దారి ఉంది తమ్ముడూ, కాకతాళీయం కాదు.

హన్మకొండ_మాస్టారు
ఆదివారం, ఉదయం 10:30

బాబాయ్ గారి మాటకి వెనక ఉన్న చరిత్ర కొంచెం కలుపుతాను.

ఎల్ఎస్‌డీని 1938లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో సాండోజ్ కంపెనీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్మన్ తయారుచేశాడు. అది మనిషిని ఏం చేస్తుందో తెలిసింది 1943 ఏప్రిల్‌లో. ఆ తర్వాత అమెరికాలో దాని వెంట గట్టిగా పడింది కాలేజీ పిల్లలు కాదు, సీఐఏ. 1953లో ఎంకే-అల్ట్రా పేరుతో రహస్య కార్యక్రమం మొదలుపెట్టి ఖైదీల మీద, రోగుల మీద, ఏమీ తెలియని మామూలు జనం మీద ప్రయోగించింది. 1973లో ఆ ఫైళ్లు నాశనం చేయించారు. మిగిలిపోయిన కాగితాలతో కొంత బయటపడింది. హిప్పీల బస్సు యాత్రకి పెద్దన్న, రచయిత కెన్ కేసీ ఈ మందు మొదట తీసుకున్నది కూడా మెన్లో పార్క్ ఆస్పత్రిలో, సీఐఏ డబ్బుతో నడిచిన ప్రయోగంలోనే.

అంటే, సర్కారు మన మెదళ్లతో ఆడుకుంటోందన్న అనుమానం ఆ తరానికి గాల్లోంచి రాలేదు. నిజంగానే ఆడుకుంది. ఇవాళ కుట్ర కథలు చెప్పేవాడు ఎంత అబద్ధం చెప్పినా, చివర్లో "ఎంకే-అల్ట్రా జరగలేదా?" అని అడిగితే అవతలివాడి నోరు కాసేపు ఆగిపోతుంది.

రెండో సంగతి. 1967 జనవరి 14న శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో వేలమంది పోగయ్యారు. బర్క్‌లీ విద్యార్థి ఉద్యమాన్ని, హైట్-యాష్‌బరీ అనే పేటలోని హిప్పీలను ఒక్కచోట చేర్చాలన్నది ఆలోచన. బర్క్‌లీ వాళ్లు వియత్నాం యుద్ధం ఆపడానికి వీధిలోకి రమ్మన్నారు. హార్వర్డ్ నుంచి తీసేసిన ఎల్ఎస్‌డీ ప్రచారకుడు టిమొతీ లియరీ మైకు ముందుకొచ్చి, మేలుకో, శ్రుతి కలుపుకో, బయటికొచ్చెయ్ అన్నాడు. దేని నుంచి బయటికి? చదువు, ఉద్యోగం, ఓటు, సంఘం, అన్నింటి నుంచీ. మనసు మారితే లోకం దానంతటదే మారుతుందన్న నమ్మకం అది. నా దృష్టిలో ఆ రోజు కలవాల్సిన రెండు పాయలు కలవలేదు. మనకూ 1965లో హైదరాబాద్ నుంచి దిగంబర కవులు వచ్చారు. వాళ్లూ వ్యవస్థని తిట్టిపోశారు. కానీ మొదటి సంపుటిని ఒక రిక్షా కార్మికుడి చేత విడుదల చేయించారు. ఎవరి పక్కన నిలబడ్డారో అందులోనే చెప్పారు. హిప్పీల దగ్గర ఆ తీర్మానం లేదు. అందుకే ఎటువైపైనా జారడానికి వీలైంది.

ఇంకొకటి. హాఫ్మన్‌తో కలిసి 1951లోనే ఎల్ఎస్‌డీ తీసుకున్న రచయిత ఎర్నెస్ట్ యూంగర్. మొదటి ప్రపంచ యుద్ధాన్ని కీర్తించి, జర్మనీలో ప్రజాస్వామ్యాన్ని ఈసడించిన రైట్ భావాల మనిషి. నాజీ పార్టీలో చేరలేదు, కానీ ఈనాటి యూరప్ ఫార్ రైట్ అతన్ని నెత్తిన పెట్టుకుంటుంది. అంటే ఈ మందుకీ రైట్‌కీ స్నేహం హిప్పీల కంటే ముందునుంచే ఉంది.

కృష్ణలంక_కుర్రాడు
ఆదివారం, ఉదయం 11:02

మాస్టారూ, యూంగర్ సంగతి నాకు అస్సలు తెలియదు. మరి ఆ మందులో మంచి చేసే గుణం ఏదో ఉందంటారు కదా? డిప్రెషన్‌కి ఇస్తున్నారని పేపర్లో చదివాను. మనిషిని మృదువుగా మారుస్తుందనేది ఉత్తమాటేనా? డాక్టర్లెవరైనా చెప్పండి.

విశాఖ_వైద్యురాలు
ఆదివారం, మధ్యాహ్నం 2:15

మానసిక వైద్యురాలిని, కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. ముందే ఒక మాట. మన దేశంలో ఇవన్నీ 1985 ఎన్డీపీఎస్ చట్టం కింద నేరం. ఇది చదివి ఎవరూ ప్రయోగాలకు దిగకండి.

ఎల్ఎస్‌డీ అయినా, పుట్టగొడుగుల్లోని సైలోసైబిన్ అయినా ప్రధానంగా పనిచేసేది మెదడులో సెరటోనిన్ అందుకునే ఒక రకం గ్రాహకాల మీద. వాటిని 5-హెచ్‌టీ2ఏ అంటాం. అవి గట్టిగా కదిలినప్పుడు, ఏళ్ల తరబడి గడ్డకట్టిన నమ్మకాల పట్టు కొంతసేపు సడలుతుంది. డిప్రెషన్ రోగికి "నేను పనికిరాను" అనేది అలాంటి గడ్డే. అది సడలితే మేలు. కానీ సడలిన చోట కొత్తగా ఏం చేరుతుందన్నది మందు చెప్పదు. పక్కనున్న మనిషి చెబుతాడు, గదిలో వాతావరణం చెబుతుంది, లోపల ముందునుంచీ ఉన్న భయం చెబుతుంది. మెత్తబడిన బంకమట్టి ఎవరి చేతిలో పడితే వాళ్ల బొమ్మే అవుతుంది.

లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు 2018లో ఒక పరిశోధన వేశారు. సైలోసైబిన్ తీసుకున్న రోగుల్లో నియంతృత్వ భావాలు తగ్గాయని. పత్రికలన్నీ ఎత్తుకున్నాయి. మందు తీసుకున్నవాళ్లు ఎంతమందో తెలుసా? ఏడుగురు. ఏడుగురిని చూసి ఒక మందుకి రాజకీయం అంటగట్టకూడదు. 2021లో బ్రయన్ పేస్, నెషె దెవెనో అనే ఇద్దరు, సైకడెలిక్ అనే ఈ రకం మందులు వాడే ఫార్ రైట్ మనుషుల ఉదాహరణలు పోగేసి పెద్ద వ్యాసం రాశారు. ఈ మందులు ఏ రాజకీయంగానైనా ఎదగగలవని, మూలకణం ఏ అవయవంగానైనా మారినట్టని వాళ్ల వాదన. నా అనుభవానికి అదే దగ్గరగా ఉంది.

ఇంకో ప్రమాదం గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. ఆ మత్తులో కలిగే భావం మామూలు అభిప్రాయంలా ఉండదు. "నాకు నిజం కనపడింది" అన్నంత గట్టిగా ఉంటుంది. అలా వచ్చిన నమ్మకాన్ని వాదించి మార్చడం చాలా కష్టం. ఇదంతా ఆస్పత్రిలో, ముందూ వెనకా కౌన్సెలింగ్‌తో జరిగినప్పుడు ఒక సంగతి. ఒంటరి గదిలో, చేతిలో ఫోనుతో జరిగినప్పుడు ఇంకో సంగతి.

ఊరుదాటినవాడు
ఆదివారం, రాత్రి 11:38

చాలాసేపు రాయాలా వద్దా అని ఆలోచించాను. డాక్టర్ గారి చివరి వాక్యం చదివాక రాస్తున్నాను.

మాది గుంటూరు దగ్గర పల్లె. 2014లో ఎంఎస్‌కి టెక్సస్ వెళ్లాను. రెండో ఏడాది నా రూమ్‌మేట్ ఒహాయో కుర్రాడు. చాలా మంచివాడు. మాంసం తినేవాడు కాదు, నేను చేసిన పప్పుచారు గిన్నె నాకేసేవాడు. ధ్యానం చేసేవాడు. నెలకోసారి శనివారం పుట్టగొడుగులు తీసుకుని, చీకట్లో కార్పెట్ మీద పడుకుని ట్రాన్స్ సంగీతం వినేవాడు. "అంతా ఒక్కటే, నువ్వూ నేనూ ఒక్కటే" అనేవాడు. నేనెప్పుడూ తీసుకోలేదు.

ఫోర్‌చాన్ చూపించింది అతనే. పెపె అనే కప్ప బొమ్మ చూసే ఉంటారు. మాట్ ఫ్యూరీ అనే ఆర్టిస్ట్ 2005లో వేసిన కార్టూన్‌లో పాత్ర అది. గంజాయి తాగుతూ గదిలో కాలక్షేపం చేసే నలుగురు స్నేహితుల్లో ఒకడు, పాపం ఎవరికీ హాని చెయ్యని కప్ప. నేను చూసేసరికి దానికి హిట్లర్ మీసం పెట్టారు. 2016 సెప్టెంబర్‌లో యూదుల హక్కుల సంస్థ ఒకటి దాన్ని ద్వేష చిహ్నాల జాబితాలో చేర్చింది.

రాజకీయాల బోర్డులో పేరుండదు, పోస్టు పక్కన దేశం జెండా మాత్రం వస్తుంది. నేను టెక్సస్ నుంచి చూస్తున్నాను కాబట్టి నా పక్కన అమెరికా జెండా. అది నన్ను ఎంత పట్టేసిందో మీకు చెప్పలేను. బయట నా యాస వినగానే మనుషుల ముఖం మారేది. ఇక్కడ నేను వాళ్లలో ఒకణ్ని. రాత్రి ఒంటిగంటకి, రెండింటికి కూర్చుని నల్లవాళ్ల మీద, యూదుల మీద జోకులకి నవ్వాను. నిజంగా నవ్వాను. ఒకరోజు ఇండియన్ల మీద వచ్చింది. మన వీధులు, మన వాసన, మన దేవుళ్లు. గుండె దడదడలాడింది. మూసెయ్యాల్సింది. మూయలేదు. బయటపడిపోతానేమోనన్న భయంతో నేనూ ఒక జోకు రాశాను. మా అమ్మ తరం ఆడవాళ్ల గురించి. దానికి చాలామంది స్పందించారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేథాలో, "మా దేశం నుంచి పొండి" అని అరిచి మన హైదరాబాద్ ఇంజనీర్‌ని కాల్చి చంపారు. మర్నాడు అమ్మ ఫోన్ చేసింది. "నాన్నా, బయట తెలుగులో గట్టిగా మాట్లాడకు. రాత్రిళ్లు తిరక్కు." వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడి విన్నాను. పక్క గదిలో లాప్‌టాప్ తెరిచే ఉంది. ఆ హత్య గురించి అక్కడ ఏం రాశారో చూడడానికి ధైర్యం చాలలేదు. అప్పటినుంచి మళ్లీ తెరవలేదు.

రూమ్‌మేట్ మాత్రం ఇంకా లోతుకి వెళ్లాడు. కోవిడ్ వచ్చాక టీకా వద్దన్నాడు, తర్వాత క్యూఅనాన్ అనే కుట్ర కథ నమ్మాడు. 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనం కాపిటల్ మీద ట్రంప్ మద్దతుదారులు దాడి చేసినప్పుడు, కొమ్ముల టోపీ, ముఖాన రంగులు వేసుకుని షమన్‌నని (మంత్రవేత్తనని) చెప్పుకున్న జేకబ్ చాన్స్‌లీ ఫోటో నాకు పంపి, "మనవాడు" అని రాశాడు. అంతా ఒక్కటే అన్న కుర్రాడే. కృష్ణలంక బ్రో, దారి ఉందా అని అడిగావు. మా అపార్ట్‌మెంట్ హాల్లోంచే ఉంది.

పాలపిట్ట
సోమవారం, ఉదయం 7:20

తమ్ముడూ, ఇది రాయడానికి ఎంత బలం కావాలో నాకు తెలుసు. మీ అమ్మగారి వయసు ఆడదాన్ని నేను. ఆ జోకు గురించి నాకు కోపం రాలేదు. రెండు గంటల రాత్రి ఆ గదిలో నువ్వు ఒక్కడివే కూర్చున్నావన్నదే బాధేసింది.

ఒక్క విషయం మాత్రం గమనించండి. మందు తీసుకోనివాడు కూడా అందులో పడ్డాడు. నేను మొదట అన్నది అదే.

బే_ఏరియా_బాబాయ్
సోమవారం, ఉదయం 9:10

అది నిజమే అమ్మా. మందు ఒక్కటే కాదు, ఆ కాలం నేర్పిన అలవాట్లు కూడా ఉన్నాయి. అందులో ఒకటి, దేన్నీ నమ్మకుండా అన్నింటితో ఆడుకోవడం. దానికి బలైన మనిషి కథ చెప్పాలి.

కెరీ థార్న్లీ, గ్రెగ్ హిల్ అని ఇద్దరు కాలిఫోర్నియా స్నేహితులు 1950ల చివర్లో డిస్కార్డియనిజం అనే ఒక మతం కల్పించారు. గందరగోళమే దేవత. 1960ల చివరికి రచయిత రాబర్ట్ ఆంటన్ విల్సన్ లాంటివాళ్లు తోడయ్యారు. అందరూ కలిసి ఒక ఆట మొదలుపెట్టారు. ఇల్యుమినాటి అనే రహస్య సంఘం లోకాన్ని నడుపుతోందంటూ పత్రికలకు దొంగ ఉత్తరాలు, ఒకదానికొకటి పొసగని పుకార్లు. విల్సన్ అప్పుడు ప్లేబాయ్ పత్రికలో పాఠకుల ఉత్తరాలు చూసే ఉద్యోగంలో ఉన్నాడు. వాళ్ల ఉద్దేశం మంచిదే. ఇన్ని అబద్ధాలు వింటే జనం ఏదీ గుడ్డిగా నమ్మకుండా సొంతంగా ఆలోచిస్తారని.

జనం ఆలోచించలేదు, నమ్మారు. ఇల్యుమినాటి పేరు ఈరోజు మన ఊళ్లో ఇంటర్ పిల్లాడికి కూడా తెలుసు. అంతకంటే విషాదం థార్న్లీ జీవితం. అతను మెరైన్స్‌లో, అధ్యక్షుడు కెన్నెడీని కాల్చిన లీ హార్వీ ఆస్వాల్డ్‌తో కలిసి పనిచేసినవాడు, ఆ హత్యని విచారించిన వారెన్ కమిషన్ ముందు సాక్ష్యం కూడా చెప్పాడు. కుట్రల మీద ఆడుతూ ఆడుతూ, చివరికి కెన్నెడీ హత్య కుట్రలో తనకే తెలియకుండా తననీ వాడుకున్నారని నమ్మేశాడు. 1998లో పోయేదాకా ఆ భయం వదల్లేదు. అబద్ధం అల్లినవాడే అందులో చిక్కుకున్నాడు.

ఫోర్‌చాన్‌లో 2017 అక్టోబర్‌లో, క్యూఅనాన్‌కి మూలమైన క్యూ పేరుతో మొదటి పోస్టు పడినప్పుడు నవ్వుకున్నవాళ్లే ఎక్కువ. ఆటో నిజమో తెలియకుండా రాయడం అక్కడ విద్య. పట్టుబడితే "జోక్ చేశాను" అనొచ్చు. హిప్పీలు ఆ విద్యని అధికారం మీద ప్రయోగించారు. ఈ తరం దాన్ని బలహీనుల మీదికి తిప్పింది.

కృష్ణలంక_కుర్రాడు
సోమవారం, మధ్యాహ్నం 1:30

ఇందాక ఆ బోర్డుల్లో తిరిగే మీమ్స్ కొన్ని వెతికి చూశాను. ఒకచోట చూసి చెయ్యి ఆగిపోయింది. అలల మీద తేలుతున్న మనిషి బొమ్మ కింద ఇంగ్లిష్‌లో "కలియుగం మీద సర్ఫింగ్ చెయ్" అని ఉంది. మన కలియుగమే! మా తాతయ్య రోజూ సంకల్పంలో "కలియుగే ప్రథమపాదే" అని చెప్పే మాట. తెల్లజాతి వాదుల నోట్లోకి అదెలా వెళ్లింది?

హన్మకొండ_మాస్టారు
సోమవారం, సాయంత్రం 6:45

దానికి ఒక మనిషి పేరు చెప్పాలి. సావిత్రీ దేవి. అసలు పేరు మాక్సిమియానీ పోర్తాస్, 1905లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పుట్టింది. 1930లలో ఇండియా వచ్చి, కలకత్తాలో స్థిరపడి, ఒక బెంగాలీని పెళ్లాడింది. హిట్లర్‌ని విష్ణువు అవతారాల వరసలో నిలబెట్టి పుస్తకాలు రాసింది. ఆవిడ లెక్కలో మనం కలియుగంలో ఉన్నాం, అంతా కుళ్లిపోవాల్సిందే, విధ్వంసం తర్వాతే కొత్త యుగం. 1982లో చనిపోయింది. చాలాకాలం ఆ పుస్తకాలు కొద్దిమంది నియో నాజీల చేతుల్లోనే తిరిగాయి. ఇంటర్నెట్ వచ్చాక కుర్రాళ్ల మీమ్స్‌లోకి దిగాయి. ఇటలీ ఫాసిస్టు ఆలోచనాపరుడు యూలియస్ ఎవోలా కూడా ఇదే కలియుగం మాట వాడాడు.

హిప్పీలు కూడా మన దగ్గరికి వచ్చారు. లియరీతో పాటు హార్వర్డ్ నుంచి బయటపడిన రిచర్డ్ ఆల్పర్ట్ 1967లో వచ్చి, నీమ్ కరోలీ బాబా శిష్యుడై రామ్ దాస్‌గా తిరిగివెళ్లాడు, జీవితమంతా సేవ అన్నాడు. ఒకే దేశానికి వచ్చి ఒకరు సేవ మూట కట్టుకెళ్లారు, ఒకరు ప్రళయం మూట కట్టుకెళ్లారు. మన పంచాంగంలో యుగం మాట ఉండేది మనిషిని ధర్మంలో నిలబెట్టడానికి. లోకం తగలబడితే బాగుండునని చెప్పడానికి కాదు. ఆ మాటని అలా వాడడం చూస్తే నాకు చాలా కష్టంగా ఉంటుంది.

పాలపిట్ట
సోమవారం, రాత్రి 8:55

బాబాయ్ గారూ, నిన్నటి నుంచి మీ వెల్ గురించి చదివాను. ఒకటి అడుగుతాను. అక్కడ ప్రతివాడూ అసలు పేరు ఇవ్వాల్సిందే కదా! "నీ మాటలు నీవే" అన్నది వాళ్ల మొదటి నియమం. అంటే హిప్పీలు పెట్టిన మొదటి అరుగు మీద ముసుగు లేదు. మరి నేరం వాళ్ల మీద ఎలా పెడతాం?

ఇంకోటి. ఈ మందుల వెనక ఇప్పుడు నడుస్తున్న డబ్బు కూడా చూడండి. ట్రంప్‌ని బలపరిచిన టెక్ కోటీశ్వరుడు పీటర్ థీల్ సైలోసైబిన్ కంపెనీల్లో పెట్టుబడి పెట్టాడు. ట్రంప్‌కి అండగా నిలిచిన మెర్సర్ కుటుంబ ఫౌండేషన్ మాజీ సైనికుల చికిత్స పరిశోధనకి పది లక్షల డాలర్లిచ్చింది. 2025లో టెక్సస్ రిపబ్లికన్ గవర్నర్ ఐబోగెయిన్ అనే ఇలాంటి మరో మందు పరిశోధనకి 5 కోట్ల డాలర్ల బిల్లు మీద సంతకం పెట్టాడు. సైనికులకి మేలు జరిగితే సంతోషమే. కానీ ఈ మందు వామపక్షానిది అనే మాటకి ఇక అర్థం లేదు.

బే_ఏరియా_బాబాయ్
సోమవారం, రాత్రి 10:40

అమ్మా, మీరు సరిగ్గా అసలు చోట వేలు పెట్టారు. ఈ థ్రెడ్‌లో నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది అదే.

వెల్‌లో నేను 1991 నుంచి కొన్నాళ్లు ఉన్నాను. ఎవరైనా దురుసుగా రాస్తే, మర్నాడు ఫలానావాడు అలా రాశాడని ఊరంతా తెలిసేది. నెలకోసారి ఆఫీసులో పార్టీ జరిగేది, తిట్టుకున్నవాళ్లు ఎదురెదురుగా ప్లేట్లు పట్టుకుని నిలబడాల్సి వచ్చేది. ఒకాయన నాతో వలసల మీద గట్టిగా వాదించి, పార్టీలో తనే వచ్చి చెయ్యి కలిపాడు. స్వేచ్ఛ ఉంది, జవాబుదారీ కూడా ఉంది.

బార్లో ప్రకటనలో స్వేచ్ఛ ఒక్కటే మిగిలింది. దాని తేదీ చూడండి, 1996 ఫిబ్రవరి 8. సరిగ్గా ఆ రోజే క్లింటన్ టెలికం చట్టం మీద సంతకం పెట్టాడు. బార్లో మండిపడింది దాని మీదే. కానీ అదే చట్టంలో సెక్షన్ 230 ఉంది. వాడేవాళ్లు రాసిన దానికి సైట్ యజమాని బాధ్యుడు కాడని చెప్పేది. కవి ఒకవైపు, కంపెనీలు ఒకవైపు, ఇద్దరూ ఒకే రోజు ఒకే తలుపు తీశారు. జపాన్ నుంచి పేరు లేని బోర్డు వచ్చేసరికి ఆ తలుపు బార్లా తెరిచే ఉంది. బ్రెన్నన్ అందులోంచి నడిచాడు.

ఆ ప్రకటన నా క్యూబికల్ గోడకి మూడేళ్లు ఉంది. ఇండియా నుంచి ఒంటరిగా వచ్చిన నాకు అది ఎంతో ధైర్యమిచ్చింది. క్రైస్ట్‌చర్చ్ జరిగిన రోజు ఆ కాగితం గుర్తొచ్చి మా ఆవిడతో చెప్పుకుని ఏడ్చాను.

విశాఖ_వైద్యురాలు
మంగళవారం, ఉదయం 6:50

ఊరుదాటినవాడు గారూ, ఒక ప్రశ్న. ఇష్టమైతేనే చెప్పండి. మీ రూమ్‌మేట్‌తో ఇప్పుడు మాట ఉందా? అలాంటివాళ్లని బయటికి లాగేది వాదన కాదు. పాత స్నేహితుడు ఒకరు తెగిపోకుండా ఉండడం చాలాసార్లు పనిచేస్తుంది.

ఊరుదాటినవాడు
బుధవారం, రాత్రి 10:15

డాక్టర్ గారూ, 2021 తర్వాత మాట లేదు. మీరు అడిగాక నిన్న రాత్రి ఫోన్ చేశాను. నంబర్ మారి ఉంటుందనుకున్నాను. రెండో రింగుకే ఎత్తాడు.

నలభై నిమిషాలు మాట్లాడాం. ఒహాయోలో వాళ్లమ్మ దగ్గరే ఉంటున్నాడు, కుక్కకి ఆపరేషన్ అయిందట, దాని గురించే ఎక్కువసేపు చెప్పాడు. రాజకీయం నేను ఎత్తలేదు, అతను రెండుసార్లు ఎత్తబోయి ఆగిపోయాడు. పెట్టేసేముందు నేనే ఒకటి చెప్పాను. ఆ బోర్డులో ఇండియన్ల మీద వచ్చిన రాత్రి, అక్కడ రాసినవాళ్లలో నేనూ ఉన్నానని. ఎనిమిదేళ్లుగా ఎవరికీ చెప్పని మాట, ఇక్కడ రాశాకే నోరు పెగిలింది.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పప్పుచారు ఎలా చేస్తారో మెసేజ్ పెట్టమన్నాడు. చింతపండు అక్కడ ఏ షాపులో దొరుకుతుందో కనుక్కుని పంపాలి. కొలంబస్ వైపు ఎవరైనా ఉంటే చెప్పండి.